వేగమునకొక చోటు

*కారును కొనుటతో మొదలై, విప్పి బిగించుటతో పెరిగి, రేసు పథముపై పరీక్షకు నిలుచు ఒక మక్కువను గూర్చి. ఆ మక్కువకు తెలుగునాట నేటికిని దొరకని స్థలమును గూర్చి*

ఉదయము ఏడు గంటలకే పిట్ లేను పొడవునా జాకీలు లేచినవి. ఒకడు వంగి టైర్లలో గాలి కొలుచుచున్నాడు. ఒకడు డిక్కీలోని స్టెప్నీని, నీళ్ల సీసాలను, గొడుగును తీసి గోడవార పేర్చి, వెనుక సీటునకు కట్టియున్న చంటిపిల్ల కుర్చీని విప్పుటకు పెనుగులాడుచున్నాడు. రాజమహేంద్రవరమునుండి వచ్చిన పిల్లల వైద్యుడొకరు, పాతికేండ్ల నాటి తన హోండా సిటీ తలుపుపై నీలిరంగు టేపుతో అంకెను అంటించి, వంకరగా వచ్చినదని పీకి మరల అంటించుచున్నారు. చెన్నై నుండి బెంగుళూరు పోవు రహదారిపై, శ్రీపెరుంబుదూరు చేరువలోని ఇరుంగాట్టుకోట్టై అను ఊరిలో, 3.717 కిలోమీటర్ల నిడివియు పన్నెండు మలుపులును గల తారు పథమొకటి కలదు. ఏడాదిలో కొన్ని దినములు దానిని సామాన్య కార్లవారికి అద్దెకిత్తురు. ఆ దినములనే ట్రాక్ డే అందురు. అక్కడ పోటీ లేదు, బహుమానము లేదు. తన కారు ఎంతటిదో, తానెంతటివాడో తెలిసికొనవలెనను కోరిక మాత్రమే కలదు.

ఆనాడు వచ్చినవారిలో విజయవాడ యువకుడొకడు ఉండెను. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, తడ మీదుగా రాత్రంతయు నడిపికొని వచ్చిన తెల్లని పోలో కారది. దాని ఇంజను కంప్యూటరును మార్పించినాడు, గాలి పీల్చు గొట్టమును మార్పించినాడు, పొగగొట్టమును మార్పించినాడు, కొత్త చక్రములు వేయించినాడు. మొదటి నాలుగు చుట్లలో ఆ కారు తనకంటె ఖరీదైన వానిని దాటిపోవుచుండగా పిట్ గోడపై నిలిచిన మిత్రులు చప్పట్లు చరచిరి. ఐదవ చుట్టులో, పొడవైన తిన్నని దారి ముగిసి మలుపు రానున్న చోట, కారు వేగము తగ్గవలసినంత తగ్గలేదు. మలుపు దాటి, తారు దాటి, ఎర్రని ధూళి లేపుకొనుచు గడ్డిలోనికి దూసికొనిపోయి అక్కడ నిలిచినది. దెబ్బ ఏమియు తగులలేదు. మెల్లగా పిట్‌లోనికి వచ్చి దిగిన యువకుని ముఖము పాలిపోయియుండెను.

హైదరాబాదునుండి నాలుగు కార్లకు తోడుగా వచ్చిన ముదుసలి మెకానిక్కు బానెట్ ఎత్తి, చిన్న డబ్బా మూత విప్పి, లోనికి తొంగిచూచెను. ఆ ద్రవము టీ డికాషనువలె నల్లబడియుండెను.

"బ్రేకాయిలు ఉడికింది బిడ్డా. ఎప్పుడు మార్చినవ్?"

"కొన్నాక మార్చలేదన్నా."

"ఇంజనుకు లచ్చలు పోసినవ్. దీనికి అయిదొందలు పెట్టబుద్ధి కాలే నీకు?"

యువకుడు మారుపలుకలేదు. ఆ ప్రశ్న అతనికే కాదు, నేడు మన పట్టణములలో కార్ల మక్కువతో తిరుగుచున్న యువజనమున కందరికిని తగును. ఈ కథనము వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఆ ప్రశ్నయే.

కొనువారు ఎవరు?

వేగముగా పోవు కారును వేగము కొరకే కొనువారు మన దేశమున నిన్నమొన్నటివరకు కొలదిమంది. ఆ కొలదిమంది పెరుగుచున్నారని 2025వ సంవత్సరము చాటినది. ఆ ఏడు మే నెలలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ గోల్ఫ్ జీటీఐని దిగుమతి చేసి 52.99 లక్షల రూపాయల షోరూము ధరకు అమ్మకానికి పెట్టగా, తొలి విడత 150 కార్లును ధర ప్రకటింపకమునుపే బుక్కయిపోయినవి. అక్టోబరులో స్కోడా సంస్థ 49.99 లక్షల ధరకు ఆక్టేవియా ఆర్ఎస్‌ను నూరింటిని మాత్రమే తెప్పింపగా, బుకింగులు తెరచిన నాడే అవియును చెల్లిపోయినవి. రెండింటియందును రెండు లీటర్ల టర్బో ఇంజనే. రెండింటి శక్తియు 265 అశ్వశక్తియే. విదేశములలో పరీక్షకు నిలిచిన వాహనములను మన దేశమున మరల పరీక్షింపకయే ఒక్కొక్క తయారీసంస్థ ఏటా 2,500 వరకు తెచ్చుకొనవచ్చునని 2018లో కేంద్రప్రభుత్వ మిచ్చిన వెసులుబాటు లేనిచో ఇట్టి కార్లు మన రేవులలో దిగుట దుర్ఘటము.

ఐనను అరకోటి పెట్టి కొనువారిని చూచి ఈ మక్కువయంతయు ధనికుల విలాసమని తలచుట పొరపాటు. పిట్ లేనులో నిలిచిన కార్లలో సగమునకు పైగా సెకండ్ హ్యాండువే. శతాబ్ది మారుతున్న తరుణమున వచ్చిన 106 అశ్వశక్తుల హోండా సిటీ వీటెక్, అదే కాలపు ఫియట్ పాలియో 1.6, 2010 నుండి 2022 వరకు అమ్ముడుపోయిన పోలో: వీనిని వెదకి వెదకి కొనువారు కలరు. తయారగుట మానిన కారునకు విడిభాగము దొరుకుట కష్టము కాబట్టి, రెండు మూడు పాత కార్లను కొని, ఒకదాని అంగములతో మరొకదానిని బ్రతికించుకొనువారును కలరు. నాకు తెలిసినవారిలో బ్యాంకు ఉద్యోగి కలడు, రొయ్యల చెరువుల యజమాని కలడు, జూనియర్ కళాశాలలో గణితము చెప్పు మాస్టారు కలడు.

పాత కారు కొనుట యందలి నేర్పు చూడదగినది. తెలిసినవాడు మెరుపును చూడడు. బానెట్ ఎత్తి, ఫెండరు రేకును పట్టియుంచు బోల్టుల తలలపై రంగు చెదిరినదా యని వ్రేలితో తడవును. చెదిరినచో ఆ రేకు ఎప్పుడో విప్పబడినది, విప్పబడినచో ఏదియో తగిలియుండును. తాను వచ్చులోపలనే ఇంజనును వెచ్చజేసి యుంచిన అమ్మకందారుని నమ్మడు. చల్లబడనిచ్చి, తెల్లవారినపిదప వచ్చి, తొలి స్టార్టున పొగ ఏ రంగున వచ్చునో చూచును. నీలిరంగైనచో ఇంజనాయిలు కాలుచున్నదని అర్థము. నాలుగు టైర్లను నాలుగుచోట్ల తాకి, అరుగుదల ఒకవైపే యున్నదా యని చూచును. సర్వీసు పుస్తకములోని కిలోమీటర్ల అంకెలు వరుసగా పెరిగినవా లేదా యని పుటలు త్రిప్పును. ఇంత చేసినపిదపనే ధరమాట ఎత్తును.

షోళవరపు రన్‌వే మీద

దక్షిణాదిన మోటారు పందెములు విమానములు విడిచిపోయిన చోట పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మద్రాసునకు ఉత్తరమున, మన నెల్లూరి దారిలోనే, షోళవరమున నిర్మించిన విమానపథము యుద్ధము ముగిసినపిదప ఖాళీగా నుండెను. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడగా, ఆ రన్‌వేయే పందెపు దారియైనది. ఫియట్లును, అంబాసిడర్లును, ఇంటి పెరళ్లలో కూర్చిన ప్రత్యేక వాహనములును అక్కడ పరుగులు తీసినవి. ఏడాదికొకమారు జరుగు ఆ సంబరమునకు జనము వేలుగా వచ్చెడివారు. రన్‌వే పందెముల కొరకు వేసినది కాదు కావున, ప్రేక్షకులకును కార్లకును నడుమ తగినంత దూరమును లేకుండెను. సొంతమగు పథమొకటి ఉండవలెనను పట్టుదలతో క్లబ్బువారు 1990లో ఇరుంగాట్టుకోట్టై పథమును తెరచిరి.

ఈ చరిత్రలో మరువరాని పేరు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరునకు చెందిన ఈయన, విదేశీ రేసు కారు కొనుట సామాన్యునకు సాధ్యము కాదని యెరిగి, మన వీధులలో తిరుగు మారుతి 800 ఇంజనును వెనుక బిగించి, ఏకాసన రేసు కారును రూపొందించెను. ఫార్ములా మారుతిగా పేరొందిన ఆ కార్లవలన, ధనము లేక నైపుణ్యము గల పిల్లలకు తొలిసారిగా ద్వారము తెరుచుకొన్నది. 1995లో విమానప్రమాదమున ఆయన కన్నుమూసిరి. 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున వెలసిన పథమునకు ఆయన పేరే పెట్టిరి. రెండు కిలోమీటర్లకు కొద్దిగా మాత్రమే మించిన ఆ చిన్న పథము మన దేశపు రేసింగునకు చేసిన మేలు, వందలకోట్లతో కట్టిన పెద్ద పథములు చేసినదానికంటె తక్కువ కాదని నా నమ్మకము.

> మూడు పథములు
>
> ఇరుంగాట్టుకోట్టై (చెన్నై చెంత): 1990లో ప్రారంభము. నిడివి 3.717 కి.మీ.
>
> కరి మోటార్ స్పీడ్‌వే (కోయంబత్తూరు చెంత): 2003లో ప్రారంభము. నిడివి 2.1 కి.మీ.
>
> బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (గ్రేటర్ నోయిడా): 2011లో ప్రారంభము. నిడివి 5.125 కి.మీ. రూపకర్త జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కె. 2011, 2012, 2013లలో ఇచ్చట జరిగిన మూడు ఫార్ములా వన్ పందెములను సెబాస్టియన్ వెటెల్ ఒక్కడే గెలిచెను. ఆపైన ఫార్ములా వన్ మరల రాలేదు. 2023లో మోటోజీపీ మోటారుసైకిళ్ల పందెము జరిగినది.

కంప్యూటరులో దాగిన శక్తి

కొన్న కారును కొన్నట్లే ఉంచుట ఈ మక్కువ గలవారికి సాధ్యము కాదు. తొలి చూపు ఇంజను మీదికే పోవును. టర్బో ఇంజనులో, బయటికి పోవు వేడి పొగలే ఒక చిన్న చక్రమును త్రిప్పును. దానితో జతగా తిరుగు మరొక చక్రము బయటి గాలిని ఒత్తిపట్టి సిలిండర్లలోనికి నెట్టును. గాలి ఎంత ఎక్కువైన అంత పెట్రోలు కాలి అంత శక్తి పుట్టును. ఎంత నెట్టవలెనో నిర్ణయించునది ఈసీయూ అను కంప్యూటరు. తయారీదారుడు ఆ లెక్కను జాగ్రత్తగా వేసి కొంత శక్తిని అట్టిపెట్టును. ఏలయన అదే ఇంజను నాసిరకపు పెట్రోలుతో, రామగుండపు మే నెల ఎండలో, ఐదుగురిని ఎక్కించుకొని, ఏసీ వేసికొని, ఏండ్లతరబడి నడువవలెను గదా. ఆ లెక్కను తిరుగవ్రాసి, అట్టిపెట్టిన శక్తిని పైకి తీయుటయే రీమ్యాప్. అది ఒక్కటే చేసినచో స్టేజ్ వన్ అందురు. గాలి లోనికి వచ్చు దారిని, పొగ బయటికి పోవు దారిని వెడల్పు చేసినచో స్టేజ్ టూ. టర్బోనే మార్చి పెద్దది పెట్టినచో స్టేజ్ త్రీ. టర్బో లేని ఇంజనునందు ఇట్టి దాపరికము మిక్కిలి స్వల్పము. దానికి రీమ్యాప్ చేయించి వేలు పోసినవాడు తన చెవులకు తప్ప తన కారుకు మేలు చేసికొన్నవాడు కాడు.

గాలిని అధికముగా ఒత్తినచో సిలిండరులో వేడి పెరిగి, స్పార్కు రగిల్చిన మంట తనను చేరకమునుపే మిగిలిన పెట్రోలు దానంతట అది అంటుకొనును. దానిని నాకింగ్ అందురు. ఇనుప రేకుపై గులకరాళ్లు రాలినట్టి చప్పుడుతో పిస్టన్లను నాశనము చేయును. ఆక్టేను సంఖ్య ఎక్కువగా గల పెట్రోలు దీనిని అడ్డుకొనును. మామూలు పెట్రోలు 91 ఆక్టేనుదిగా నున్న రోజులలో, నూరు ఆక్టేనుది ఎక్స్‌పీ100 పేరుతో 2020 డిసెంబరులో మన బంకులకు వచ్చినది. మంచి ట్యూనరు మొదట అడుగు ప్రశ్న "ఏ పెట్రోలు పోస్తున్నారండీ?" అన్నది. ఆ ప్రశ్న అడుగక "ఎన్ని గుర్రాలు కావాలి?" అని అడుగువానికి కారును అప్పగింపరాదు.

ఒక మాట నిష్ఠురముగా చెప్పవలసియున్నది. శక్తి కొరకు కొందరు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును పెకలించి పారవేయుచున్నారు. విషవాయువులను శుద్ధిచేయు ఆ పరికరమును తీసినందువలన లభించు శక్తి స్వల్పము. వీధిలోని వారు పీల్చు విషము అధికము. అట్లే రాత్రి రెండు గంటలకు తుపాకులు ప్రేలినట్లు ప్రేలు సైలెన్సర్లు. ఏ మేడలోనో అప్పుడే నిదురపట్టిన వృద్ధుని ఉలికిపాటునకు ఆ శబ్దము కారణమగుచున్నప్పుడు, కార్లను ప్రేమించువారందరికి ఆ ఒక్కని మూలమున చెడ్డపేరు వచ్చుచున్నది.

> చట్టము ఏమనుచున్నది?
>
> మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు మూలముగా నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే తేల్చి చెప్పినది.
>
> 2019 సవరణ పిదప, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలలవరకు జైలు, లేదా మార్పు ఒక్కంటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.
>
> ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేక బహిరంగ స్థలములలో పందెము వేయుట 189వ సెక్షను క్రింద నేరము.
>
> మామూలు కారు బీమా వ్యవస్థీకృత రేసింగునకు, వేగపరీక్షకు వర్తింపదు. పథముపై కారు తగిలినచో ఖర్చు యజమానిదే.

ఈ చట్టమును చదివి చాలమంది ఒక నిర్ణయమునకు వచ్చినారు. రహదారిపై తిరుగు కారును తిరుగనిచ్చి, మార్పులన్నియు వేరొక పాత కారునకు చేసి, దానిని ట్రక్కుపై ఎక్కించి పథమునకు తీసికొనిపోవుదురు. వ్యయము ఎక్కువే, కాని మనస్సునకు శాంతి కలదు, ఇంటిలోనివారికి నిదుర కలదు.

ముందు బ్రేకు, పిదప ఇంజను

విజయవాడ యువకుని కారునకు ఏమైనదో వివరించినచో, మార్పులు ఏ వరుసలో చేయవలెనో దానంతట అదే తెలియును. డ్రైవరుతో కలిపి 1,150 కిలోల బరువుగల కారు గంటకు 150 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. దానిని పూర్తిగా ఆపినచో ఆ చలనశక్తియంతయు దాదాపుగా బ్రేకులలో వేడిగా మారును. మూడు లీటర్ల చన్నీటిని మరగబెట్టుటకు ఎంత వేడి కావలయునో అంత వేడి, కొన్ని సెకండ్లలో, నాలుగు చక్రముల బ్రేకులపై, అందును అధికభాగము ముందు రెండింటిపై పడును. రహదారిపై ఇట్టి బ్రేకు ఎప్పుడో ఒకమారు వేయుదుము. పథముపై ఒక్క చుట్టులో పలుమారులు, చుట్టు వెనుక చుట్టు, చల్లారుటకు వ్యవధి లేకుండ వేయుదుము.

ఆ వేడి ప్యాడ్లనుండి వానిని నొక్కు పిస్టన్లకు, పిస్టన్లనుండి బ్రేకాయిలునకు ప్రాకును. బ్రేకాయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 4 రకపు ద్రవము కొత్తదిగా ఉన్నపుడు 230 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువగాక మరుగవలెనని ప్రమాణము. తేమ చేరినపిదప అదే 155 డిగ్రీలకు దిగిపోవచ్చును. ద్రవము మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడునకు లొంగదు, ఆవిరి లొంగును. కావున పెడలు నేలవరకు దిగినను ఆ ఒత్తిడి చక్రమును చేరదు. మన కోస్తా గాలిలో తేమకు కొదువ లేదు. అందుచే విజయవాడలో తిరుగు కారునకు బ్రేకాయిలు రెండేండ్లకొకమారు మార్చుట విధాయకము. ట్రాక్ డేకు పోవు ప్రతి కారునకు పోకముందే మార్చుట మరింత విధాయకము.

ముదుసలి మెకానిక్కు ఆ మధ్యాహ్నము తానే దగ్గరుండి నాలుగు చక్రముల బ్రేకులలోని పాత ఆయిలును పిండించెను. ముందుగా ఎడమవైపు వెనుక చక్రము. బ్లీడరు నిపుల్‌కు సన్నని పారదర్శకపు గొట్టము తగిలించి, దాని రెండవ కొసను ఖాళీ సీసాలో ముంచి, యువకుని పెడలు తొక్కమనెను. "తొక్కు... పట్టు... ఇడువు." గొట్టములో నల్లని ద్రవముతోపాటు చిన్న చిన్న బుడగలు వరుసగా వచ్చినవి. బుడగలు ఆగి, తేనెరంగు ద్రవము నిలకడగా వచ్చువరకు ఆయన మరొక చక్రము కడకు కదలలేదు. ఒక గంట పట్టినది. ఆ గంటలో ఆ యువకుడు నేర్చినది ఏ వీడియోలోను నేర్చియుండడు.

తెలిసినవారు చెప్పు వరుస ఇది: మొదట బ్రేకాయిలు, ప్యాడ్లు, పిదప టైర్లు, ఆపైన స్ప్రింగులు, డ్యాంపర్లు, అన్నింటికంటె చివర ఇంజను. మన కుర్రవాండ్రు తలక్రిందులుగా చేయుచున్నారు. దానికి కారణము కానరాని శత్రువేమియు కాదు. బ్రేకు ప్యాడ్లను మిత్రులకు చూపుట సాధ్యము కాదు, అశ్వశక్తి అంకెను చెప్పుట సులభము.

మలుపు నేర్పు పాఠము

కారు భూమిని తాకునది నాలుగు అరచేతులంత స్థలమునందు మాత్రమే. వేగము పెంచుట, తగ్గించుట, తిరుగుట అను మూడు పనులును ఆ కొద్దిపాటి రబ్బరే చేయవలెను. టైరు పట్టు నెల జీతమువంటిది: అంతయు బ్రేకునకే ఖర్చుపెట్టినచో మలుపునకు మిగులదు, మలుపునకే పెట్టినచో బ్రేకునకు మిగులదు. కావున తిన్నని దారిలోనే గట్టిగా బ్రేకు వేసి, మలుపులోనికి పోవుకొలది ఆ ఒత్తిడిని మెల్లమెల్లగా విడచుచు, విడచినంత మేరకే స్టీరింగును త్రిప్పవలెను. బయటి అంచున మొదలుపెట్టి, లోపలి అంచును ఏపెక్స్ అను బిందువు కడ తాకి, మరల బయటి అంచునకు పోవుటవలన మలుపు వంపు సాధ్యమైనంత తగ్గును. వంపు తగ్గినంత వేగము నిలుచును.

ఇది వ్రాయుట తేలిక. హెల్మెట్ లోపల చెమట కండ్లలోనికి కారుచుండగా, ప్రక్క సీటునందలి శిక్షకుడు "ఇంకా... ఇంకా... ఇప్పుడు!" అని అరచుచుండగా, చేయుట కష్టము. కొత్తవారు కారు ముందున్న తారునే చూతురు. శిక్షకుడు గడ్డము పట్టి త్రిప్పినంత పనిచేసి, చూపును మలుపు అవతలికి పంపును. చూపు పోయినచోటికే చేతులు పోవును.

ఆనాడు పథముపై నిలకడగా, ఒక్క తప్పటడుగు లేక నడిపినది, హైదరాబాదునుండి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరమ్మ. ఆమె కారునకు ఏ మార్పును లేదు. ప్యాడ్లు, బ్రేకాయిలు, టైర్లు కొత్తవి, అంతే. ఉదయము చేసిన చుట్లకంటె సాయంకాలపు చుట్లు అదే కారుతో పలు సెకండ్లు తగ్గినవి. తోడు వచ్చిన తండ్రి, సూర్యాపేట వైపు వరిమిల్లు నడుపు మనిషి, స్టాపువాచీ పట్టుకొని పిట్ గోడవార నిలిచియుండెను. "మొదట్ల భయమైందండి, ఆడపిల్ల ఇంత జోరుగ తోలుడేంది అని," అనెను. "ఇక్కడికొచ్చి చూసినంక సమజైంది. మా ఊరి రోడ్డు మీద కంటె ఇక్కడనే నా బిడ్డ పైలం."

ఆ మాట నిజము. పథముపై ఎదురు వాహనము లేదు, దాటు పశువు లేదు, దీపములు లేక నిలిపిన లారీ లేదు. ప్రతి మలుపు కడ జెండాతో మార్షలు నిలుచును. ఎర్రజెండా ఎత్తినచో అందరును పిట్‌లోనికి రావలసినదే. అంబులెన్సు ఇంజను వేడిచేసికొని యుండును. దాటుటకు చోటు, చేయి చూపు పద్ధతి ముందే చెప్పుదురు; మీరినవానిని వెంటనే ఇంటికి పంపుదురు.

టైరు ఎంతటిదో చెప్పుటకు ఒక సంగతి స్మరింతును. భారతదేశమునుండి ఫార్ములా వన్‌కు ఎక్కిన మొదటివాడు కోయంబత్తూరు వాసి నారాయణ్ కార్తికేయన్. 2005 జూన్ నెలలో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున, ఏటవాలు మలుపునందు తమ టైర్లు నిలువవని మిషెలిన్ సంస్థ హెచ్చరింపగా, ఆ టైర్లు గల పదునాలుగు కార్లును సన్నాహపు చుట్టు ముగియగానే పిట్‌లోనికి తిరిగిపోయినవి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల ఆరు కార్లే పరుగెత్తినవి. జోర్డాన్ కారు నడిపిన మన నారాయణ్ నాల్గవవాడై ఐదు పాయింట్లు గెలిచెను. కోట్ల డాలర్ల ఇంజనులు పిట్‌లో చల్లారుచుండగా, పందెమును నడిపినది రబ్బరు.

> తొలిసారి పోవువారు వెంట తీసికొనిపోవలసినవి
>
> ప్రమాణపు ముద్రగల హెల్మెట్, నిడుపు చేతుల నూలు చొక్కా, పలుచని అడుగుగల బూట్లు, గాలి కొలుచు గేజి, చక్రపు బోల్టులు బిగించు టార్క్ స్పానరు, ఒక సీసా ఇంజనాయిలు, ఒక సీసా బ్రేకాయిలు, అదనపు ప్యాడ్లు, త్రాగుటకు పుష్కలముగా నీరు. పథమునుండి వచ్చిన వెంటనే హ్యాండ్‌బ్రేకు వేయరాదు. కాగిన ప్యాడ్లు డిస్కులకు అంటుకొనును. ఆఖరి చుట్టు ఎప్పుడును మెల్లగా తిరిగి బ్రేకులను చల్లార్చుకొనవలెను. ఇంటికి పోవు దూరము మరచి టైర్లను పూర్తిగా అరుగదీయరాదు.

అర్ధరాత్రి రింగు రోడ్డు

తెలుగునాట ఈ మక్కువకు చోటెక్కడ? నేనెరిగినంతలో రెండు రాష్ట్రములలోను ఇరుంగాట్టుకోట్టై వంటి శాశ్వత కార్ల రేసు పథము లేదు. హైదరాబాదునుండి అచ్చటికి ఆరువందల కిలోమీటర్లు పైమాట. శ్రీకాకుళపు కుర్రవానికి అది వేయి కిలోమీటర్లకు చేరువైన ప్రయాణము. పోవుటకు ఒక దినము, నడుపుటకు ఒక దినము, వచ్చుటకు ఒక దినము. సెలవు దొరకవలెను, బస దొరకవలెను, దారిలో కారు చెడకుండవలెను. అంత చేయజాలనివానికి హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉన్నది. అర్ధరాత్రి దాటినచో ఖాళీగా కనిపించును. అక్కడ గరిష్ఠ వేగపరిమితి 120. ఇప్పటి టర్బో కారునకు ఆ వేగము అందుకొనుటకు పట్టునది కొన్ని సెకండ్లు మాత్రమే. పరిమితి దాటినపిదప ఏమగుచున్నదో తెల్లవారి పత్రికలలో మనము చదువుచునే యున్నాము. ఆ వార్తలలో చనిపోవువారు నడుపువారు మాత్రమే కాదు, దారిప్రక్కన పంచరు వేసికొనుచున్న లారీ క్లీనర్లును, తెల్లవారుజామున పాలు వేయబోవువారును.

పోలీసులు పట్టుకొందురు, జరిమానా వేయుదురు, తల్లిదండ్రులను పిలిపింతురు. చేయవలసినదే. కాని నిషేధించి ఊరకుండుటవలన కోరిక చావదు. ఈతకు చెరువు లేని ఊరిలో పిల్లలు కాలువలో దుముకుదురని ఎరిగి మనము ఈతకొలనులు కట్టితిమి. వేగము కోరు యువజనమునకు మాత్రము, వద్దని చెప్పుట తప్ప, ఇటు రమ్మని చెప్పు చోటును ఇంతవరకు చూపలేదు.

హుస్సేన్‌సాగరు తీరమున ఒక్క నాడు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు నడిబొడ్డున, హుస్సేన్‌సాగరు అంచున, 2.835 కిలోమీటర్ల వీధి పథముపై ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెము జరిగినది. మన దేశమున ఆ పోటీ జరుగుట అదే ప్రథమము. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. నగరమంతయు కదలివచ్చినది. సచివాలయము ప్రక్కన కార్లు ఈలవేయుచు దూసికొనిపోవుట చూచి పిల్లలు తండ్రుల భుజములపైనుండి కేకలు వేసిరి. మరుసటి ఏటి పందెము రద్దయినది. దానికైన వ్యయమును గూర్చిన వివాదము రాజకీయములలోనికిని న్యాయస్థానములలోనికిని పోయినది; దాని తీర్పు నా పని కాదు. నేను చెప్పదలచినది వేరు: ఆ పందెమునకై కట్టిన కంచెలు, గోడలు పందెము ముగియగానే తొలగిపోయినవి. భుజములపై కూర్చుండి చూచిన పిల్లవానికి ఒక్క మలుపైనను మిగులలేదు.

వారసత్వము లేని నగరము కాదిది. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, నిజాము నవాబు సింహాసనపు కారు, నేటికిని చౌమహల్లా ప్యాలెసులో పసుపు వన్నెతో నిలిచియున్నది. అనంతపురము సీమలో, పెనుగొండ చెంత, కియా కర్మాగారము 2019 నుండి కార్లు తయారుచేయుచున్నది. కార్లు చేయు నేర్పు మనకు వచ్చినది. కొను స్తోమతయు వచ్చినది.

ప్రపంచస్థాయి పథము కావలెనని నేను కోరుట లేదు. గ్రేటర్ నోయిడా అనుభవమును చూచితిమి. మూడేండ్ల వైభవము పిదప ఫార్ములా వన్ వారు వెడలిపోగా, అంతటి నిర్మాణము ఏడాదిలో అధికభాగము నిరీక్షణలోనే గడపినది. కావలసినది కోయంబత్తూరు కొలతది: రెండు కిలోమీటర్ల మంచి తారు, పదిపన్నెండు మలుపులు, మలుపుల వెలుపల వెడల్పైన ఖాళీ నేల, టైర్ల గోడలు, ఒక అంబులెన్సు, శిక్షణ పొందిన మార్షళ్లు, వారాంతమున అద్దెకు దొరకు పద్ధతి. వారములోని తక్కిన దినములలో అదే నేలపై లారీ, బస్సు డ్రైవర్లకు జారు నేలపై బ్రేకు వేయుట నేర్పవచ్చును. అంబులెన్సు డ్రైవర్లకు, పోలీసు డ్రైవర్లకు శిక్షణ ఇయ్యవచ్చును. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తాము కూర్చిన కార్లను పరీక్షించుకొనవచ్చును. వాడుకలో లేని విమానపథములు కొన్ని రెండు రాష్ట్రములలోను ఉన్నవి. షోళవరమున మొదలైనట్లే అక్కడను మొదలుపెట్టవచ్చును. భూమి ప్రభుత్వము చూపి, భద్రతా నియమములు మోటారు క్రీడల జాతీయ సమాఖ్య నిర్ణయించి, నిర్వహణ క్లబ్బులకు వదలినచో, ఖజానాపై పడు భారము ఒక ఫ్లైఓవరు ఖర్చులో ఏ మూలకును రాదు. రెండు రాష్ట్రముల క్రీడాశాఖలును రవాణాశాఖలును ఒకచోట కూర్చుండి ఈ విషయమును ఒక్క మధ్యాహ్నము చర్చింపవలెనని, చర్చకు పోలీసు అధికారులతోపాటు ఆ ముదుసలి మెకానిక్కువంటివారిని కూడ పిలువవలెనని నా విన్నపము.